అడవినాభి - అపరిగ్రహం

అడవిలో తనంత తాను పూసే మొక్కను పెరటికి తెచ్చుకోవడం దాని మీది ప్రేమా, సొంతం చేసుకోవాలన్న ఆశా అన్న ప్రశ్నకు అడవినాభి తగిన ఉదాహరణ. తొలకరికి దుంప నుంచి మొలిచి, ఆకు కొననే నులితీగగా మలచుకుని పక్క పొదను పట్టి పాకే ఈ తీగను, అలల అంచులతో వెనక్కి విరిగి, పసుపు నుంచి క్రమంగా ఎర్రబారే ఆరు రేకులను బట్టి, అండాశయం మీది కాడ అయిన కీలం మొదట్లోనే పక్కకు వంగడాన్ని బట్టి గుర్తించవచ్చు.

పతంజలి యోగసూత్రాలు చెప్పిన అయిదు యమాలలో, అంటే నిగ్రహ నియమాలలో, అస్తేయం పరుల సొత్తు తీసుకోకపోవడం, అపరిగ్రహం అవసరానికి మించి కూడబెట్టకపోవడం. అడవిలో దుంపను తవ్వితే ఆ మొక్క అక్కడ మళ్లీ మొలవదు కనుక అది రెండింటికీ విరుద్ధం; నర్సరీలో పెంచిన దుంపను నాటడం, లేదా విత్తనం వేసి పూతకు కొన్నేళ్లు ఓపిక పట్టడం వాటికి అనుగుణం. వానలు వెనుకబట్టాక తీగ ఎండినా దుంప నేలలో బతికే ఉంటుంది కాబట్టి, అప్పుడు నీరు పోయకుండా వదిలేయాలి. దుంపలోనూ గింజలోనూ కోల్చిసిన్ అనే విషం ఉన్నందున, పసిపిల్లలకు, పశువులకు అందనిచోట నాటడం మరొక యమమైన అహింసలో భాగమే. ఈ నియమాలకు లోబడినప్పుడు పెంపకం యాజమాన్యం కాదు, బాధ్యత అవుతుంది.