అరువు బలం

సొంత బలం చాలని కొత్త పక్షం పరుల బలంతో పరిపాలన చేపట్టవచ్చునా? చేపట్టుట పదవీలాలస అని కొందరు అంటారు. చేపట్టకపోవుట బాధ్యతనుండి పారిపోవుట అని మరికొందరు అంటారు. ఉభయులూ నీతి పేరుతోనే మాట్లాడుతారు. కావున ఈ వాదాన్ని గాలిలో కాక నేలమీద పరీక్షించుట మంచిది.

అండమాను నికోబారు దీవులకు శాసనసభ లేదు. కేంద్రపాలనలోని ఆ దీవులలో పౌరుడు తన ఓటుతో ఎన్నుకొన్న స్థానిక పాలకులు పంచాయతీలలోను, పోర్టు బ్లెయిరు పురపాలక సంఘంలోను ప్రధానంగా కనిపిస్తారు. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన ఆ పట్టణంలో 2022 ఎన్నికలలో 24 స్థానాలకు కాంగ్రెసుకు 10, భారతీయ జనతా పార్టీకి 10, తెలుగుదేశానికి 2, ద్రవిడ మున్నేట్ర కళగానికి 1 దక్కినవి. ఒక స్థానం స్వతంత్ర అభ్యర్థిది. 1982 మార్చిలో హైదరాబాదులో పుట్టి, 1983 జనవరిలోనే సొంత బలంతో ఆంధ్రప్రదేశ్‌లో అధికారానికి వచ్చిన పక్షం సముద్రానికి ఆవల ఇద్దరు సభ్యులతో నిలిచినది. ఎవరికీ 13 లేనప్పుడు ఇద్దరి చేయి కూడ బరువెక్కుతుంది. తొలుత అధ్యక్షపదవి భారతీయ జనతా పార్టీకి వెళ్ళినది. 2023 మార్చిలో ఆ పార్టీ మద్దతుతో తెలుగుదేశం సభ్యురాలు ఎస్. సెల్వి అధ్యక్షురాలైనారు. అప్పటికి ప్రధాన భూభాగంలో ఆ రెండు పక్షాలు మిత్రపక్షాలు కావు. 2018లో తెగిన వాటి పొత్తు 2024లో గాని తిరిగి కుదరలేదు.

ఓటరు ఇచ్చినది రెండు స్థానాలే, పీఠం కాదు గదా అని ఆక్షేపించవచ్చును. ఆ లెక్కన పది స్థానాలు పొందినవారికి కూడ ఓటరు పీఠం ఇవ్వలేదు. ఎవరికీ ఇవ్వని దానిని అందరూ వద్దన్నచో మంచినీరు, మురుగుకాలువ, వీధిదీపం ఎవరి చేతిలోకి పోవును? ఓటు అడుగవలసిన అవసరం లేని అధికారి చేతిలోకి. తక్కిన పరిపాలన అంతా అటువంటి చేతులలోనే ఉన్న దీవులలో ఈ నష్టం చిన్నది కాదు. తన శీలం చెడకుండుటకై పదవిని నిరాకరించినవాడు ఆ మూల్యం తాను చెల్లించడు. నీటికోసం బిందె పట్టుకొని నిలిచినవారు చెల్లిస్తారు.

అయితే ఈ మాట అవకాశవాదికి కూడ కవచం కాగలదు. ఇక్కడ టంగుటూరి ప్రకాశం పంతులుగారి చరిత్ర గుర్తుకు వస్తుంది. 1952లో మద్రాసు శాసనసభలోని 375 స్థానాలలో కాంగ్రెసు గెలిచినవి 152. ముందు ఏడాదే పుట్టిన కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ పక్షాన నిలిచిన ప్రకాశంగారు, కమ్యూనిస్టులతో సహా పలువురిని కూర్చి, 166 మంది బలం ఉన్నదన్నారు. గవర్నరు శ్రీప్రకాశ మాత్రం రాజగోపాలాచారిని పిలిచినారు. మరుసటి ఏడు, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు, అదే ప్రకాశంగారు ప్రజా సోషలిస్టు పార్టీని వీడి, నిన్న ఎదిరించిన కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రి అయినారు. 1954 నవంబరులో మద్యనిషేధ వివాదంపై ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయినది.

సహచరులను వీడిన లోటు ఆయన ఖాతాలో ఉన్నది, దానిని దాచనక్కరలేదు. కాని ఆ పదమూడు నెలలలో, 1952లో తెగిన బెజవాడ ఆనకట్టకు బదులుగా కృష్ణపై బ్యారేజీకి శంకుస్థాపన జరిగినది. తిరుపతిలో విశ్వవిద్యాలయం వెలసినది. ప్రభుత్వం పోయినది, పని నిలిచినది.

ఢిల్లీలో 2013లో ఇదే చిక్కు వచ్చినది. 70 స్థానాలలో 28 గెలిచిన ఆమ్ ఆద్మీ పార్టీ, తాను ఎదిరించిన కాంగ్రెసువారి 8 మంది మద్దతు తీసికొనవచ్చునా అని ప్రజలనే అడిగి, డిసెంబరు 28న ప్రభుత్వం ఏర్పరచినది. లోక్‌పాల్ బిల్లు సభలో ప్రవేశపెట్టుట సాధ్యంకాక 49 రోజులకే రాజీనామా చేసినది. ప్రజలను అడుగుట మెచ్చదగినదే. అయినను అడిగినందున నిర్ణయభారం ప్రజలపైకి పోదు. మోయవలసినవాడు పీఠం ఎక్కినవాడే.

అరువు సొమ్ము బరువు చేటని సామెత. అది నగలకు చెల్లును. విత్తనాలు అరువు తెచ్చుకొనే రైతును ఎవరూ నిందించరు; అతడు ఎప్పుడు విత్తునో, ఎంత తిరిగి కొలుచునో ఊరందరికీ తెలుసును. పరుల మద్దతును నగవలె పెట్టుకొన్న పక్షం, అది పోయిననాడు వట్టి మెడతో నిలుచును. విత్తనంవలె తెచ్చుకొన్న పక్షం మూడు సంగతులు ముందే బహిరంగంగా చెప్పగలగాలి: ఏ పని కోసం, ఎంత కాలం, ఏ షరతు మీద. ఈ మూడింటిలో ఒక్కటి చాటున ఉంచవలసి వచ్చినను ఆ పీఠం ఎక్కరాదు. మూడూ చెప్పగలిగి కూడ కేవలం అపకీర్తికి వెరచి వెనుకకు తగ్గుట నీతి అనిపించుకొనదు. మద్దతు ఇచ్చినవాడు తన బాకీ గుర్తుచేయుట మానడు. ఓటరు బాకీని ఎవరూ గుర్తుచేయరు గనుక పక్షం తానే దానిని ముందు వ్రాసికొనవలసి ఉన్నది.