మొదటి గొంతు, మలి గొంతు

గడచిన బతుకమ్మ పండుగనాడు కోరుట్ల సమీపమున నొక వీధిలో మేమొక చిన్న సంభాషణమును వింటిమి. తంగేడు, గునుగు, బంతిపూలతో పేర్చిన బతుకమ్మలను నడుమ నుంచి స్త్రీలు వలయముగా తిరుగుచుండిరి. ప్రక్కనున్న స్తంభమునకు గట్టిన లౌడుస్పీకరులో నొక పాట మ్రోగుచుండెను. ఆ పాటనే వలయములోని యొక వృద్ధురాలు తన వరుసలో పాడుచుండగా, మనుమరాలు చేయి పట్టుకొని, "నాయినమ్మా, నువ్వు తప్పు పాడుతున్నవ్, పాట అట్ల గాదు" అనెను. ఆ వృద్ధురాలు స్పీకరు వైపొకమారు చూచి, "ఏమో బిడ్డా, మా అత్త ఇట్లనే పాడేది" అని, పాట మాని, చప్పట్లు మాత్రము కొట్టుచు తిరిగెను.

మరునాడు ఆమె తన యింటి యరుగుపై ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టుచుండగా, ఆ పాటను పూర్తిగా పాడుమని వేడితిమి. స్పీకరు పాటలో లేని రెండు చరణములు ఆమె పాటలో నుండెను. పండుగకు తోడుకొనిపోవుటకు అన్న రాలేదని అత్తింటి గడపలో నిలిచి దారి చూచు చెల్లెలి దుఃఖము వానిలో నున్నది. మలిపాటలో పూల వర్ణనము మిగిలినది; దారి చూచిన చెల్లెలు మిగులలేదు.

ఒకరు పాడిన పాటను వేరొకరు పాడుట తప్పా? తప్పు కానిచో, మలి గాయకుడు మొదటి గాయకునకు ఏమైన ఋణపడియున్నాడా? మలిపాటయే ప్రమాణమై, మొదటిపాట పొరపాటుగా తోచునంతటి స్థితి కలిగినపుడు ఆ దోషము నెవరు మోయవలెను? మాకు తోచినది చదువరుల ముందుంచుచున్నాము.

ఈ ప్రశ్న మన బతుకమ్మ వలయములో మాత్రమే పుట్టినది కాదు. అమెరికా దేశమున నల్లజాతివారి గీతముల పట్టికకు 1949లో బిల్‌బోర్డు పత్రిక "రిథమ్ అండ్ బ్లూస్" అను పేరు పెట్టెను. తరువాతి యేండ్లలో ఆ పాటలను తెల్లజాతి గాయకులు వెంటవెంటనే మరల పాడి రికార్డులుగా వెలువరించిరి. 1955లో లిటిల్ రిచర్డు పాడిన "టూటీ ఫ్రూటీ"ని 1956లో పాట్ బూను పాడగా, సర్వజనుల పట్టికలో మొదటిదానికంటె మలిదే మీది స్థానము నందెను. 1954లో బిగ్ జో టర్నరు పాడిన "షేక్, రాటిల్ అండ్ రోల్"లోని మోటు మాటలను బిల్ హేలీ అదే యేట తీసివేసి పాడెను. లవర్న్ బేకరు అను గాయని, తన గానపు తీరునే యథాతథముగా అనుకరించిరని శాసనసభ్యునకు మొరపెట్టుకొనెను. అప్పటి చట్టము రికార్డునకు రెండు సెంట్ల చొప్పున పాట హక్కుదారునకు ఇప్పించెడిదే గాని, పాడిన గొంతు నెరుగదు. శబ్దముద్రణమునకు అచటి కేంద్ర చట్టము రక్షణ నిచ్చుట 1972లో గాని ఆరంభము కాలేదు.

అయితే తొందరపడి తీర్పు చెప్పరాదు. బిగ్ మామా థార్న్‌టన్ 1952లో పాడగా మరుసటి యేట వెలువడిన "హౌండ్ డాగ్"ను 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడి లోకప్రసిద్ధి గాంచెను. కాని ఆ పాటను వ్రాసినది థార్న్‌టన్ కాదు. లీబరు, స్టోలరు అను ఇరువురు తెల్ల యువకులు. ప్రెస్లీ పాడిన పాఠము సయితము నేరుగా ఆమెనుండి వచ్చినది కాదు. లాస్ వేగాసులో వేరొక బృందము పాడగా వినినది. మొదటిది ఏదని త్రవ్వుకొనిపోయిన కొలది మరియొక మొదటిది కనబడుచునే యుండును. మన వృద్ధురాలి మాటయు నిట్టిదే కదా! ఆమె పాటయు ఆమె అత్తగారి పాటకు మలిపాటయే.

మరి భేదమెచట నున్నది? వృద్ధురాలు "మా అత్త ఇట్లనే పాడేది" అనెను. స్పీకరు ఎవరి పేరును చెప్పలేదు. భేదమంతయు నిచటనే యున్నదని మా నమ్మకము. థార్న్‌టన్ రచించిన "బాల్ అండ్ చెయిన్"ను జానిస్ జాప్లిన్ అనుమతి యడిగి పాడెను. ఆమెయే, 1937లో మరణించి పేరు చెక్కిన రాయి యైన లేక పడియున్న బెస్సీ స్మిత్ సమాధికి, మరియొక స్త్రీతో కలిసి 1970లో రాయి పెట్టించెను. పాట నెరవు దెచ్చుకొన్నవారు తిరిగి యీయగల దేమో ఆ రాయి తెలుపుచున్నది.

మన యింటి సంగతి చూతము. నిజాము పాలనపై రైతులు పోరాడిన దినములలో బండి యాదగిరి కట్టిన "బండెనక బండి కట్టి" పాట 1979 నాటి "మా భూమి" చిత్రములో గద్దరు గొంతున వెలసి ఊరూర మారుమ్రోగెను. ఆ గొంతు లేకున్న ఆ పాట ఇన్ని యిండ్లకు చేరియుండెడిది కాదు. కాని ఆ పాట గద్దరు రచనమే యని నమ్మువారు నేటికిని గలరు. 2021లో "లవ్ స్టోరీ" చిత్రము కొరకు సుద్దాల అశోక్ తేజ జానపద పల్లవిని గైకొని పెంచి వ్రాసిన "సారంగ దరియా"ను మంగ్లీ పాడగా, ఆ పాటను సేకరించి వెలుగులోనికి దెచ్చినది తానేయని కోమలి యను గాయని ముందునకు వచ్చెను. వివాదము ముదిరిన పిమ్మటగాని ఆ పేరు లోకమునకు తెలియలేదు. అడుగనిదే పేరు చెప్పకుండుట మనకు అలవాటైనదని దీనివలన తేలుచున్నది.

చట్టము కొంత చేసినది. 2012లో సవరించిన మన కాపీహక్కు చట్టము ప్రకారము, మొదటి రికార్డు తయారైన యేడు ముగిసి ఐదు సంవత్సరములు గడచిన పిమ్మట, ముందుగా తెలియజేసి, రుసుము చెల్లించి మలిరికార్డు చేయవచ్చును. అది మలిదని అట్టపై చెప్పవలెను. కాని ఈ నియమము యజమాని తెలిసిన పాటకే వర్తించును. అత్త కోడలికి నేర్పిన పాటకు దస్తావేజు ఎచటిది? చట్టము చేరలేని చోటనే ధర్మము యొక్క పని మొదలగును.

ఈ విషయమున సిరిసిల్ల నేతవారు మనకు గురువులు. చేతిమగ్గముపై పుట్టిన అంచును చూచి సాంచపై దింపుట పాపమని మేమనము. దానివలన బీదయింటి ఆడుబిడ్డకు తక్కువ వెలకు చీర దొరకును; సాంచ నడుపు కార్మికునకు కూడు దొరకును; అతడును ధనికుడు కాడు. సాంచచీరను చేనేత యని చెప్పి యమ్మినపుడే పాపము. 2006లో చేనేతకు ప్రత్యేక గుర్తును ప్రవేశపెట్టినది ఇందులకే. చీరకు వలెనే పాటకును ఎచట పుట్టినదో చెప్పు గుర్తు ఉండరాదా?

"పాట అందరి సొత్తు, పేరు పేరని పట్టుబట్టిన యెడల పాటయే చచ్చును" అని కొంద రందురు. ఇందు సత్యము లేకపోలేదు. పాట నెవరును మరల పాడకూడదన్నచో అది మొదటి గొంతుతోనే కాటికి పోవును. పదములు మార్చుటయు దోషము కాదు. ప్రతి తరమును మార్చినది. కాని "అందరి సొత్తు" అను మాటను సొమ్ము చేసికొనువారే తరచుగా పలుకుటయు, బీడీలు చుట్టుచు పాడినవారు పలుకకుండుటయు గమనింపదగినది. అందరిదైన బావిలో నీరు తోడుకొనుట హక్కు. బావికి తన పేరు చెక్కించుకొనుట హక్కు కాదు.

కావున మలి గాయకునకు మూడు ఋణములు గలవని మా తాత్పర్యము: తెలిసినంతలో పేరు చెప్పుట, లాభము వచ్చినచో పంచుట, విడిచిన చరణమును విడిచితినని యొప్పుకొనుట. నాలుగవ ఋణము వినువారిది. అది మన యిండ్లలోనే తీరవలెను. బిడ్డలు రికార్డును విని నేర్చినప్పుడు, "ఇంట నెవరికైన ఈ పాట మరియొక తీరున వచ్చునా?" యని యొకమారు అడుగుట నేర్పినచో చాలును.

ఆనాడు అరుగుపై మేము పాట వ్రాసికొనుచుండగా ఆ మనుమరాలు తన నోటుపుస్తకమును దెచ్చి తానును వ్రాయసాగెను. రెండు చరణములును ముగిసిన పిదప, "పైన ఎవరి పాటని రాయాలె? మీ అత్త పేరేంది, నాయినమ్మా?" అని యడిగెను. వృద్ధురాలి చేతిలోని తునికాకు నిలిచిపోయెను. కోడలు అత్త పేరు పలుకరాదను కట్టుబాటున పెరిగిన మనిషి ఆమె. కొంతసేపటికి, మెల్లగా, మేము వినునట్లు ఆ పేరు చెప్పెను.