నొప్పి భరించడమే భక్తా?



మన ఫెలోషిప్‌లో ఎవరికైనా బిడ్డ పుట్టిందని వాట్సాప్‌లో కబురు రాగానే దేవునికి స్తోత్రం చెబుతాం. వెంటనే రెండు ప్రశ్నలు వస్తాయి: "నార్మలేనా? మత్తు ఏమైనా తీసుకుందా?" ఏ మందూ లేకుండా కన్నదని తెలిస్తే "ఎంత ధైర్యం! ఎంత విశ్వాసం!" అంటాం. ఎపిడ్యూరల్ తీసుకుందని తెలిస్తే ఏమీ అనం. కానీ మనం ఊరుకున్న సంగతి ఆ తల్లికి తెలుస్తూనే ఉంటుంది.

అందుకే ఈ నెల మీ ముందు ఒక ప్రశ్న పెడుతున్నాను. తగ్గించుకోవడానికి వీలున్న నొప్పిని తగ్గించుకోకుండా భరించడంలో భక్తి ఉందా?

ఇక్కడ యూకేలో మన అక్కచెల్లెళ్లలో కొందరు రెండో కాన్పో మూడో కాన్పో ఇంట్లోనే కావాలని కోరుకుంటారు. పెద్దబిడ్డను చూసుకోవడానికి అమ్మ గానీ అత్తగారు గానీ దగ్గర లేకపోవడం అందుకు ఒక కారణం. ఎన్‌హెచ్‌ఎస్ మిడ్‌వైఫ్ ఇంటికే వస్తుంది. అయితే కొందరికి కాన్పు చాలా వేగంగా అయిపోతుంది. నొప్పులు మొదలైన మూడు గంటలలోపే బిడ్డ పుట్టేస్తే దాన్ని అతివేగపు ప్రసవం అంటారు. ముందు పిల్లల్ని కన్నవారిలో ఇది ఎక్కువ. త్వరగా అయిపోయింది, అదృష్టం అనుకుంటాం గానీ, నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకునే సందు కూడా ఉండదు. ఒళ్లు వణుకుతుంది, భయం వేస్తుంది.

అలాంటప్పుడు ఇంట్లో ఏ ఉపశమనం దొరుకుతుంది? ఎపిడ్యూరల్ ఇవ్వాలంటే మత్తు డాక్టరు కావాలి, కాబట్టి అది ఆసుపత్రిలోనే. పెథిడిన్ ఇంజెక్షన్ పనిచేయడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది, ప్రభావం 2 నుండి 4 గంటలు ఉంటుంది. కాన్పుకు మరీ దగ్గరలో ఇస్తే బిడ్డ ఊపిరి మందగించవచ్చు. అందుకే వేగంగా అయ్యే కాన్పుకు అది సరిపడదు. నడుముకు అంటించుకునే టెన్స్ మెషీన్ నొప్పులు మొదట్లో ఉన్నప్పుడే పెట్టుకుంటే మేలు. నీళ్లలో ఉన్నప్పుడు మాత్రం వాడకూడదు. గోరువెచ్చని నీళ్ల తొట్టి హాయినిస్తుంది, కానీ అది నిండే లోపే బిడ్డ రావచ్చు. ఎక్కువగా అక్కరకొచ్చేది మిడ్‌వైఫ్ తెచ్చే గ్యాస్ అండ్ ఎయిర్. అందులో సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. తల్లి తానే పట్టుకొని పీలుస్తుంది. 15, 20 సెకన్లలో పనిచేస్తుంది, మానేయగానే పోతుంది. అయితే మిడ్‌వైఫ్ సమయానికి చేరాలి. చేరేలా లేకపోతే 999కి ఫోన్ చేయాలి. ఏం చేయాలో ఫోన్లోనే చెబుతారు.

ఇప్పుడు ఆలోచించండి. ఒక సహోదరికి గంటన్నరలో ఇంట్లోనే కాన్పు అయింది, మందు అందే సమయమే లేదు. ఇంకొక సహోదరి ఇరవై గంటలు నొప్పులు పడి ఎపిడ్యూరల్ అడిగింది. మొదటామెను మెచ్చుకొని రెండో ఆమె దగ్గర మౌనం వహిస్తే మనం కొలిచింది దేన్ని? విశ్వాసాన్ని కాదు. గడియారాన్ని. మొదటామె మందు వద్దనలేదు, అది ఆమెకు అందలేదు. అందివుంటే తీసుకునేదేమో. అంతమాత్రాన ఆమె విశ్వాసం తగ్గిపోయేదా?

"ఆదికాండము 3:16లో వేదనతో కంటావని దేవుడే చెప్పాడు కదా" అని కొందరు అడుగుతారు. దాని తరువాతి వచనాలు కూడా చదవండి. అక్కడ ఆదాముకు నేల ముండ్లు మొలిపిస్తుందని, చెమటోడ్చి ఆహారం తింటాడని ఉంది. స్త్రీతో చెప్పిన ప్రయాసము, పురుషునితో చెప్పిన ప్రయాసము హెబ్రీలో ఒకే మాట. మరి హీటర్ వేసిన ఆఫీసులో కీబోర్డు ముందు కూర్చొని జీతం తెచ్చుకునే నన్ను "చెమట పట్టకుండా తింటున్నావు, వాక్యం మీరావు" అని ఏ సహోదరుడూ గద్దించలేదు. ట్రాక్టరు కొన్న రైతును సంఘం వెలివేయలేదు. పురుషుని ప్రయాసం తగ్గితే దీవెన, స్త్రీ ప్రయాసం తగ్గితే అవిశ్వాసమా?

ఈ వాదన కొత్తది కాదు. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టరు కాన్పులలో క్లోరోఫాం వాడడం మొదలుపెట్టాడు. మతపరమైన అభ్యంతరాలకు జవాబుగా ఆ ఏడాదే ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆ హెబ్రీ మాటను చర్చించాడు. ఆదాము ప్రక్కటెముకను తీసేముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేశాడని ఆదికాండము 2:21ను చూపించాడు. 1853లో విక్టోరియా రాణి తన ఎనిమిదో కాన్పుకు క్లోరోఫాం తీసుకుంది. ఆమె ఇంగ్లాండు సంఘానికి అధిపతి కూడా.

"సిలువ మీద ప్రభువు బోళము కలిపిన ద్రాక్షారసం పుచ్చుకోలేదు కదా" అని మరొక మాట వినబడుతుంది. నిజమే, మార్కు 15:23లో ఉంది. కానీ ఆయన తాను వద్దన్నది తన విషయంలో. తన దగ్గరకు వచ్చిన ఏ రోగితోనూ "భరించు, అదే నీకు మంచిది" అనలేదు. ముట్టాడు, బాగుచేశాడు. ఆయన చెప్పిన మంచి సమరయుడు గాయాలకు నూనెను, ద్రాక్షారసాన్ని పోశాడు. ఎదుటివాని నొప్పికి మనం చేయవలసింది అది.

మందు లేకుండా కనాలని కోరుకునే సహోదరిని కూడా నేను తప్పుపట్టను. ఆమె ఒంటిలో జరిగేదాన్ని ఆమె నిర్ణయించుకుంటుంది. మరొకరి ఒంటి నొప్పికి మనం మార్కులు వేయడమే నేను కాదనేది.

ఆ మార్కులు వేయడం ప్రమాదం కూడా. రేపు పేరు పోతుందని భయపడిన తల్లి, నొప్పి పట్టలేనప్పుడు కూడా నోరు తెరిచి అడగదు. అసలేదో సరిగా లేదని చెప్పవలసిన సమయంలో కూడా పళ్లు బిగపట్టుకొని ఊరుకుంటుంది. మన మెప్పు అక్కడికి దారితీయకూడదు.

కాబట్టి భర్తలారా, ముందే మిడ్‌వైఫ్‌తో కూర్చొని మాట్లాడండి: ఎప్పుడు ఫోన్ చేయాలి, ఏ మందు ఇంటికి తేగలరు, ఆమె రాకముందే బిడ్డ వస్తే ఏం చేయాలి, పెద్దబిడ్డను ఎవరు చూస్తారు. ఆసుపత్రికి వెళ్దామని మీ భార్య మధ్యలో మనసు మార్చుకుంటే వాదించకండి. మందు అందని ఆ కొద్దిసేపూ చెయ్యి పట్టుకొని పక్కనే ఉండండి. ఒకరి భారం ఒకరు మోయమని గలతీ సంఘానికి పౌలు రాసింది ఆ గదిలో కూడా వర్తిస్తుంది.

ఇక మనమందరం, తరువాతి కబురు వచ్చినప్పుడు ఎలా కన్నదని అడగడం మానేద్దాం. "అమ్మా, ఎలా ఉన్నావు? రేపు భోజనం ఎన్నింటికి తెమ్మంటావు?" అని అడుగుదాం.