శోకము సాక్ష్యమగునా?

మనుష్యుడు మృతినొందిన పిమ్మట వాని వెనుక నడచిన జనసంఖ్యనుబట్టి వాని బ్రదుకునకు వెలకట్టుట లోకమున నలవాటైయున్నది. "ఎందరేడ్చిరో చూడుడు, ఎట్టివాడో తెలియును" అని పెద్దలందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. ద్వేషింపబడిన వానికొరకు జనులు వీథులలో నిలువరు. కాని కన్నీరు ప్రేమకు సాక్ష్యమగునుగాని న్యాయమునకు గూడ సాక్ష్యమగునా యనునది వేరు ప్రశ్న. ఈ రెంటిని గలిపివేయుటవలన ననేక చిక్కులు పుట్టుచున్నవి. ఆ చిక్కులలో మన పిల్లలు గూడ నున్నారు కావున ఈ విషయము కొంత విచారింపదగియున్నది.

1983వ సంవత్సరము జనవరి 26వ తేదీన, అమెరికా సంయుక్తరాష్ట్రముల దక్షిణభాగమందలి అలబామాలో, టస్కలూసా పట్టణమున, పాల్ బ్రయంట్ అనునాయన గుండెపోటుచే మరణించెను. అప్పటి కాయన వయస్సు 69 సంవత్సరములు. ఆయన రాజ్యాధికారి గాడు, మతగురువు గాడు, కవి గాడు. అలబామా విశ్వవిద్యాలయమున విద్యార్థులచే ఫుట్‌బాలు ఆడించిన శిక్షకుడు. అమెరికావారి ఫుట్‌బాలు మన మెరిగిన కాలిబంతి యాట గాదు. బంతిని చేతబట్టి పరుగెత్తుటయు, ఎదిరివారు దేహములతో డీకొని పడవేయుటయు నందు ముఖ్యము. అచటి విశ్వవిద్యాలయముల యాటలకు శనివారములందు లక్షకు దగ్గరగా జనులు చేరుట కలదు. అలబామా జట్టు నాయన 1958 మొదలు 1982 వరకు 25 ఏండ్లు నడిపెను. పలు విద్యాలయములలో గలిపి ఆయన శిక్షణలో గెలిచిన యాటలు 323. 1982 డిసెంబరు 29వ తేదీన కడపటి యాట గెలిచి పని చాలించెను. ఆటుపిమ్మట నాయన బ్రదికినది 28 దినములు మాత్రమే.

టస్కలూసా చర్చిలో ప్రార్థన ముగిసిన వెనుక శవవాహనము సుమారు 55 మైళ్ల దూరమందలి బర్మింగ్‌హామ్ శ్మశానవాటికకు సాగినది. ఆ దారి పొడుగునను జనులు నిలిచియుండిరి. వంతెనలపైని గుంపులు గూడిరి. సరకుబండ్లవారు బండ్లు ప్రక్కకు నాపి దిగి టోపీలు దీసి చేతబట్టుకొనిరి. ఈ జనులలో నూటికి తొంబదిమంది ఆయనతో నొక్క మాటైన నాడి యెరుగనివారే. నేటికిని ఆయన ధరించు గళ్లటోపీవంటి టోపీలు పెట్టుకొని మనుమలు ఆటకు వచ్చుచున్నారు.

చూడని వానికొరకు బంధువునకువలె నేడ్చుట కపటమని కొంద రందురు. నాకట్లు తోపదు. అలబామా సంపన్నదేశము గాదు. 1960 ప్రాంతములందు నల్లవారిపై జరిగిన క్రౌర్యముచే దాని పేరు లోకమునం దపకీర్తికి గురియైయుండెను. అట్టి కాలమున, శనివారపు గెలుపొక్కటియే తమకు గౌరవమిచ్చెనని యచటి సామాన్యులు తలచిరి. తండ్రి కొడుకును వెంటగొని యాటకు బోయెను; ఆ కొడుకు తండ్రియై తన కొడుకును గొనిపోయెను. శిక్షకుడు చనిపోయినపుడు ఈ యిరువదియైదేండ్ల దారము పుటుక్కున దెగినది. వా రాయనకొరకే గాక తమ తండ్రులకొరకును, తమ గడచిన ప్రాయముకొరకును గూడ నేడ్చిరి. ఇందు తప్పేమి? శోకము తనంతట దాను నిర్దోషము. దోషమెల్లను శోకము తీర్పరి పీఠమెక్కినపుడే పుట్టును.

ఇది యట్లుండగా, ఆయన జీవితమందలి మరియొక ఘట్టమును జూతము. 1954లో నాయన టెక్సాస్ ఏ అండ్ ఎం కళాశాలకు శిక్షకుడుగా వచ్చెను. వచ్చినతోడనే సుమారు నూరుగురు విద్యార్థులను జంక్షన్ అను చిన్న యూరికి దీసికొనిపోయి పది దినములు సాధన చేయించెను. అది యనావృష్టికాలము. నేల రాళ్లు, ముళ్లు. భరింపరాని యెండ. సాధనవేళ నీళ్లు త్రాగనీయరు. దాహమునకు దాళుట పౌరుషలక్షణమని యప్పటి నమ్మకము. ఒక యువకుడు ఎండదెబ్బచే బడి మృత్యుముఖమునకు బోయి వచ్చెను. అనేకులు రాత్రులందు మూటలు గట్టుకొని యెవరికిని జెప్పక వెడలిపోయిరి. రెండు బస్సులలో బోయి యొక్క బస్సులో దిరిగివచ్చితిమని యందలివారే తరువాత జెప్పుకొనిరి. ఆ యేడు జట్టు గెలిచిన దొక్క యాట, ఓడినవి తొమ్మిది. రెండేండ్లకు, 1956లో, ఒక్క యాటయు నోడక తమ మండలమున బ్రథమస్థానము బొందినది.

నిలిచినవారు ఆయనను దండ్రివలె బ్రేమించిరి. "ఆ పది దినములే మమ్ము మనుష్యులను జేసినవి" అని ముసలితనమున జెప్పుకొనిరి. వారి మాట నేను గాదనను. కాని అది వారినిగూర్చిన సాక్ష్యమే గదా! రాతినేలపై నూరు విత్తనములు జల్లగా ముప్పది మొలచినవనుకొందము. మొలచినవానికి నోరుండి రాతిని గొనియాడవచ్చును. అంతమాత్రమున రాయి మంచి క్షేత్రమగునా? ఎండిపోయిన డెబ్బదింటి నెవరడిగిరి? రాత్రివేళ వెడలిపోయిన కుఱ్ఱలు సంస్మరణసభలకు రారు, వచ్చినను వేదిక యెక్కరు.

బస్సు దిగిపోయినవా రొకరు. అసలు బస్సే యెక్కనీయబడనివారు మరియొకరు. 1970లో విల్బర్ జాక్సన్ చేరువరకును అలబామా జట్టున వేతనవిద్యార్థిగా నల్లవాడొక్కడును లేడు. ఈ యాలస్యమున రాష్ట్రపాలకుల పాలెంత, శిక్షకుని పాలెంత యని యచటివారే నేటికిని వాదించుచున్నారు. ఆ యేడు సెప్టెంబరులో నల్లయువకులున్న దక్షిణ కాలిఫోర్నియా జట్టు చేతిలో అలబామా 42–21గా నోడినదనియు, ఆ యొక్క యోటమిచే కన్నులు తెరువబడినవనియు నొక కథ యల్లిరి. జాక్సన్ అంతకుముందే చేరియుండెను. స్మృతి కథలను గుఱుచచేసి యందముగా ముడివేయును. అయినను 1983లో శిక్షకుని పేటికను మోసిన యెనమండుగురు ఆటగాండ్రలో నల్లయువకు లుండిరనుటయు సత్యమే. సత్యమును స్మరించువాడు రెంటిని స్మరింపవలెను.

మనకీ ప్రశ్న క్రొత్తది గాదు. ఏకలవ్యుడు బొటనవ్రేలు గోసి యిచ్చినపుడు వాని ముఖమున విచారము లేదు. ఆ గురుభక్తి వాని గొప్పతనము. అది ద్రోణుని కోరికను ధర్మము చేయగలదా? శిష్యుని క్షమ శిష్యుని ఖాతాలోనిది. దానిని గురువు ఖాతాలో వ్రాసికొనుట తప్పులెక్క.

ఈ తప్పులెక్క ప్రాణములు దీయును. 2018 మే నెలలో మేరీలాండ్ విశ్వవిద్యాలయమున ఫుట్‌బాలు సాధన చేయుచు 19 ఏండ్ల విద్యార్థి యెండదెబ్బచే గూలెను. దేహమును వెంటనే చన్నీటిలో ముంచి తాపము దించుట యెల్లరెరిగిన చికిత్స, అది జరుగలేదు. పదునైదు దినములకు వాడు మరణించెను. విశ్వవిద్యాలయము తన బాధ్యత నంగీకరించినది, శిక్షకుడు తొలగింపబడెను. నీటియొక్కయు తాపముయొక్కయు శాస్త్రము తెలిసిన కాలమున గూడ "బాధయే పురుషుని జేయును" అను నమ్మకము నిలిచియుండుట కొకకారణము, సంస్మరణలలో మనము చెప్పుకొను సగము కథలే.

చదువరులారా, నేను బడిపంతులను. మన పాఠశాలల వార్షికోత్సవములలో పూర్వవిద్యార్థి వేదిక యెక్కి, "ఆ మాస్టారి బెత్తమే నన్నింతవానిని జేసినది" అనగా సభ చప్పట్లు గొట్టుట మీరెల్లరు జూచినదే. ఆ కృతజ్ఞత కల్ల గాదు. కాని ఆ బెత్తమునకు వెరచి మూడవ తరగతిలోనే పలక పారవైచి పశువుల వెంట బోయినవాడు ఆ సభలో లేడు. వాడు మాటాడినచో కథ మారును. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడులలో దేహదండనమును మానసికహింసను నిషేధించినది. అయినను "దండం దశగుణం" అను నానుడిని ఇంటిలోను బడిలోను మనమింకను విడువలేదు. దాని బలమంతయు నెగ్గినవారి పొగడ్తలే.

అయినచో గురువును స్మరింపరాదా? ప్రేమింపరాదా? తప్పక ప్రేమింపవలెను. దోషమును జూచిన ప్రేమయే పరిపక్వమైనది. తైత్తిరీయోపనిషత్తున, విద్య ముగించి యింటికి బోవు శిష్యునకు గురువే చెప్పుచున్నాడు: మా నడవడిలో మంచివానినే నీ వనుసరింపుము, తక్కినవానిని వలదని. తన శిష్యుని విమర్శకు దానే యనుమతి నొసగిన యా గురువు లోకమున కెల్ల నాదర్శము.

జంక్షన్‌లో బాధపడినవారు 1979లో, ఇరువదియైదేండ్లకు, మరల నచట గూడి తమ శిక్షకున కొక యుంగరము బహూకరించిరి. బ్రయంట్ గెలిచిన విజయములకు గుఱుతులైన యుంగరము లెన్నియో యుండగా, సమాధిలో నాయన వ్రేలనున్నది ఆ యుంగర మొక్కటియే యందురు. నా కది విజేత యాభరణముగా దోపదు, ఋణపత్రముగా దోచుచున్నది. తన వలన బాధపడినవా రిచ్చిన దానిని గైకొని పోయెనుగాని, తనచే గెలిపింపబడినవా రిచ్చినవానిని గాదు.

కావున మనము గురువులకు సంస్మరణసభలు జేయుదము, పూలమాలలు వేయుదము, కన్నీరు గార్చుదము. కాని సభ చాలించుటకు ముందు ఒక్కసారి వరుసలవంక జూచి, ఇచట లేనివారెవ్వరని యడుగుదము. ఆ ప్రశ్న మృతునకు గౌరవహాని గాదు. రేపటి ఉదయము బడికి రావలసిన పిల్లవానికి మాత్రము అది యభయము.