శిక్ష: ఒక పదము, రెండు అర్థములు

బస్తరు నైరృతి అంచున, తెలంగాణపు సరిహద్దునకు చేరువగా తర్లగూడ ఉన్నది. తెలుగు వినవచ్చు ఆ సీమలో బడిచదువు హిందీలో సాగుచున్నది. తెలుగింటి బాలునకు ‘శిక్ష’ బడిలో విద్య, ఇంట దండనము. ఒకే మాట ఇంత విపరీతముగ ఎట్లు చీలినది?

ఈ శబ్దము ‘శక్’ ధాతువునుండి పుట్టినది. సమర్థుడగుట ధాత్వర్థము, కోరికను తెలుపు ప్రత్యయము చేరగా, సమర్థుడు కావలెనను కోరిక ‘శిక్ష’ అయినది. ఆ కోరిక నేర్చువానిది. ఆరు వేదాంగములలో ఉచ్చారణశాస్త్రమునకు ఇదే పేరు. థాయి భాషలో నేటికిని ఈ మాట విద్యయే. తెలుగు, కన్నడ, మరాఠీలలో దండనము. ఇండొనేషియా భాషలో ‘సిక్సా’ అనగా చిత్రహింస. 1860 నాటి నేరచట్టమును హిందీవారు ‘దండ సంహిత’ అనగా మనము ‘శిక్షాస్మృతి’ అంటిమి. 2024 జూలై 1న ఆ చట్టము తొలగినను మాట తొలగలేదు.

హిందీ అర్థమును కాపాడినది, మనము చెరచితిమి అనుట తగదు. ‘శిక్షణ’ మనకు నేటికిని నేర్పుటయే; ‘దుష్టశిక్షణ’లో మాత్రము దండించుట. ‘బుద్ధి చెప్పెదను’ అని తెలుగువాడు బెదరించును; హిందీవాడు ‘సబక్ సిఖానా’ అనును. ఆ ‘సిఖానా’ కూడ శిక్షనుండి వచ్చినదే. నొప్పి నేర్పునను నమ్మకము ఉభయులదియు. తెలుగులో అది పదములోనికే చేరినది.

శబ్దవ్యుత్పత్తి న్యాయమును నిర్ణయింపజాలదు. కాని ఒక ప్రశ్నను మన ముందుంచగలదు. దండింపబడినవాడు ఆ పిమ్మట మునుపటికంటె సమర్థుడైనాడా? బెత్తపుదెబ్బ తిన్న బాలుడు నేర్చునది లెక్క కాదు, భయము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున బాలుని కొట్టుటను, మానసికముగ వేధించుటను నిషేధించినది. శిక్షయందు శిక్ష కూడదని దాని భావము. చెరసాలకును ఈ ప్రశ్న వర్తించును: ఖైదీ ఏ వృత్తియు నేర్వక, ఏ వివేకమును పొందక విడుదలయైనచో అతడు అనుభవించినది దండనమే.

అనువాదకునకు ఇది చిన్న విషయము కాదు. హిందీలోని ‘దండ్’ను ‘శిక్ష’ అని వ్రాసినప్పుడెల్ల, మూలమున లేని సమర్థన ఒకటి తెలుగులో చేరును. కొట్టినవాడు గురువుగ కనిపించును. దండనము జరిగినచోట ‘దండనము’ అనియే వ్రాయుట మేలు. ‘శిక్ష’ అను పేరు, నేర్చినవాడు ఒకడైనను ఉన్నచోట నిలువవలెను.