అనవస్థ ఎప్పుడు దోషం? అనంత పునర్లేఖనం - ఒక నైతిక విచారణ

తుదిలేని పనికి ఫలం ఉంటుందా అనే ప్రశ్న భారతీయ శాస్త్రచర్చకు కొత్తది కాదు. ఒకదానికి మరొకటి, దానికి వేరొకటి ఆధారంగా చెప్పుకుంటూ పోతే నిలకడ దొరకదు. ఇదే అనవస్థ. అయితే తార్కికులు ప్రతి అనవస్థనూ దోషంగా ఎంచలేదు. విత్తు నుండి మొలక, మొలక నుండి విత్తు అనే బీజాంకుర పరంపరకు మొదలు చెప్పలేకున్నా దానిని అంగీకరించారు. వైయాకరణులు మరో మార్గం పట్టారు. పాణినీయంలో హల్లుకు ద్విత్వం చెప్పే సూత్రం తన ఫలితం మీదనే మళ్ళీ మళ్ళీ ప్రవర్తిస్తే హల్లులు అంతులేకుండా పెరుగుతాయి. అందుచేత ఒక లక్ష్యంలో ఒక సూత్రం ఒక్కసారే ప్రవర్తిస్తుందని వ్యాఖ్యాతలు కట్టడి చేశారు.

కంప్యూటర్ శాస్త్రంలోని పునర్లేఖన వ్యవస్థ కూడా ఇటువంటి సూత్రాల సముదాయమే. ఒక రూపం ఉన్న చోట మరొక రూపం ఆదేశంగా వస్తుంది. ఆగని ప్రక్రియకూ ఒక అవధిని ఫలితంగా చెప్పవచ్చునని 1991లో డెర్షోవిట్జ్, కప్లాన్, ప్లైస్టెడ్ ప్రతిపాదించారు. రూపం స్థిరపడితే చాలదు, మార్పు ఎక్కడ జరుగుతున్నదో కూడా చూడాలన్న నియమాన్ని కెన్నవే, క్లోప్, స్లీప్, ద ఫ్రీస్ 1995 నాటి పత్రంలో విపులీకరించారు.

ఉదాహరణకు, 'అ'కు '1, అ' ఆదేశమనుకుందాం. మొదటి మెట్టులో మొదటి 1, నూరవ మెట్టులో నూరవ 1 స్థిరపడతాయి. పని ముగియదు, కాని ఏ స్థానాన్ని గురించి అడిగినా అది ఏ మెట్టులో కుదురుకుంటుందో చెప్పవచ్చు. మార్పు అంతకంతకూ లోతుకు జరుగుతుంది. ఇది బలమైన అభిసరణం. 'అ'కు 'అ'యే ఆదేశమైతే రూపం ఎన్నటికీ మారదు, చూపుకు స్థిరంగానే ఉంటుంది. కాని పని ఎప్పుడూ మూలం దగ్గరే తిరుగుతుంది. ఇది దుర్బల అభిసరణం మాత్రమే.

ఈ భేదం నీతికీ వర్తిస్తుంది. విజయవాడ వద్ద 1855లో పూర్తయిన ఆనకట్టతో కృష్ణా దిగువ డెల్టాకు కాలువల వ్యవస్థ ఏర్పడింది. పామిడిముక్కల మండలంలోని వీరంకిలాకు పేరులోనే ఆ చరిత్ర నిలిచి ఉంది. ప్రధాన కాలువ నుండి పిల్లకాలువకు, అక్కడి నుండి పంట బోదెకు నీరు దిగాలి. కాలువకు అంతముంది కనుక ఈ పోలిక పని సాగే క్రమానికే పరిమితం. శివారు రైతు అడిగేది పని ముగిసిందా అని కాదు, తన చేనికి వంతు ఎప్పుడని. "పని సాగుతూనే ఉంది" అనే జవాబు రెండు విధాలుగా నిజం కావచ్చు. పై పొలాలు తడిసి పని కిందికి జరుగుతుంటే అది బలమైన అభిసరణం. ఏటేటా తలకాలువ దగ్గరే అదే మరమ్మతు, అదే హామీ పునరావృతమైతే, అందులో అబద్ధం లేకున్నా న్యాయం లేదు.

కాబట్టి అనంతత్వం స్వతహాగా దోషం కాదు. ప్రతి లోతుకూ ఒక పరిమితమైన గడువు చెప్పగలిగిన తుదిలేని పని సార్థకమే. ఆ గడువు చెప్పలేనిది, ఎంత నిలకడగా కనిపించినా, అనవస్థే.