ఆర్తుని ఆశ్రయము

భగవానుని ఆశ్రయించువారు ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని నాలుగు తెఱగులవారని గీత సప్తమాధ్యాయము చెప్పుచున్నది. ఆ వరుసలో ఆర్తుడు మొదటివాడగుటయు, నలువురును ఉదారులే యని భగవానుడు పలుకుటయు గమనింపదగినవి. ప్రవేశపరీక్షలో ర్యాంకు రాదేమోయని హాస్టలు గదిలో తల్లడిల్లు ఇంటరు విద్యార్థియు, వీసా గడువును లెక్కించుకొనుచు అమెరికాలో మేల్కొనియున్న ఇంజనీరును, మంచముపట్టిన అత్తకు పరిచర్య చేయుచు తన యలసటను పైకి చెప్పుకొనజాలని కోడలును, నడిరేయి గుండెదడ తగ్గు మార్గమేదియని సెల్‌ఫోనులో వెదకునపుడు ఆ ఆర్తుని కోవకు చెందినవారే.

వీరిని విశ్వాసహీనులని నిందించుట న్యాయము కాదు. మనస్సు బాగులేదని నోరు విప్పినచో పిచ్చియని ముద్ర వేయుదురనియు, పెండ్లి సంబంధములు తప్పిపోవుననియు, నలుగురేమనుకొందురో యనియు మనుష్యులకు వెఱచినవారికి, మొగము చూడని అంతర్జాలమే అభయస్థానముగా తోచుచున్నది. ఆ యాశ్రయము వ్యర్థమనియు చెప్పరాదు. ఊపిరిని నెమ్మదిగా విడుచు విధానమును అది నేర్పగలదు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ అను మానసికారోగ్య సహాయవాణి సంఖ్య 14416 అని క్షణములో చూపగలదు. ఆ సంఖ్యకు ఫోను చేసినవారు తెలుగుననే తమ బాధ చెప్పుకొనవచ్చును.

అయినను శరణాగతి తత్త్వము నాలోచింపగా ఆ యాశ్రయమున ఒక వెలితి కానవచ్చును. అవయవములు పట్టుదప్పి, నోరెండి, మేను వడకి, గాండీవము చేజాఱుచుండగా అర్జునుడు తన దుఃఖమును చెప్పుకొన్నది తన్నెఱిగిన సఖునితో. ఆ విషాదమునకే యోగమని పేరిడిన పెద్దల దృష్టిలో దుఃఖము సిగ్గుపడవలసినది కాదు. సర్వమును బోధించిన పిమ్మట, పదునెనిమిదవ అధ్యాయము చివర, ఏకాగ్రచిత్తముతో వింటివా, నీ మోహము నశించినదా యని శ్రీకృష్ణుడు మరల నడిగెను. బోధించుటకు జ్ఞానము చాలును. బోధించిన పిమ్మట అడుగుటకు ప్రేమ కావలెను. సెల్‌ఫోనులో బదులిచ్చు యంత్రము అట్లు అడిగినను, వచ్చు సమాధానమునకై దానికి ఆతురత యుండదు.

కావున యంత్రమును దూషించుటకంటె, ఆర్తుడు నిర్భయముగా నోరు విప్పగల చోటు మన యిండ్లలో కల్పించుట ధర్మము. మార్కుల నడుగుటకు ముందు నిద్రపట్టినదా యని అడుగు తండ్రియు, భార్య యలసటను తానే గుర్తించి పలుకరించు భర్తయు ఆ ధర్మము నాచరించువారే. ఒకమాఱడిగి యూరకుండక మరునాడును అడుగవలెను. ఏలయన, చిరకాలము దాచుకొన్న దుఃఖమును ఆర్తుడు మొదటి ప్రశ్నకే చెప్పజాలడు.